పాత ఫెండర్ ఆంప్ ఏ సంవత్సరానిదో తేల్చడం ఎలా?

అమెరికాలో పాత ఫెండర్ గిటార్ ఆంప్ అమ్మేవాళ్లు తరచూ వాడే మాట ఒకటుంది: "ప్రీ-సీబీఎస్". 1965 జనవరిలో లియో ఫెండర్ కంపెనీ సీబీఎస్ చేతికి వెళ్లింది. అంతకుముందు తయారైన ఆంప్ అంటే రేటు అమాంతం పెరుగుతుంది. నన్నడిగితే 1966 ఆంప్‌లోనూ దాదాపు అదే సర్క్యూట్, నేనైతే ఎక్స్‌ట్రా డబ్బు పెట్టను. మీరు పెడతానంటే మాత్రం తేదీ మీరే చూసుకోండి.

డీలక్స్ రివర్బ్ తీసుకుందాం. వెనకవైపు క్యాబినెట్ లోపల ఒక కాగితం అతికించి ఉంటుంది, ట్యూబ్ చార్ట్ అంటారు. దాని మీద 'ఏబీ763' అని ఉంటే "ఇదిగో, 1963" అంటారు. కాదండీ! 763 అంటే 63 జూలై, కరెక్టే. కానీ అది సర్క్యూట్ డిజైన్ తేదీ. 1967లో చేసిన ఆంప్ మీద కూడా అదే నంబర్ ఉంటుంది.

అదే కాగితం మీద చిన్న రబ్బరు స్టాంప్ వెతకండి, రెండు ఇంగ్లిష్ అక్షరాలు. మొదటిది సంవత్సరం: ఏ అంటే 1951, బీ అంటే 52, అలా లెక్కేస్తే ఎన్ దగ్గరికి 1964. రెండోది నెల: ఏ జనవరి, హెచ్ ఆగస్టు. అంటే 'ఎన్‌హెచ్' కనిపిస్తే 1964 ఆగస్టు.

స్టాంప్ చెరిగిపోయిందా? అప్పుడు పార్ట్స్‌ని అడగాలి. ట్రాన్స్‌ఫార్మర్ మీద 606426 ఉందనుకోండి. 606 అంటే షూమాకర్ కంపెనీ, 4 సంవత్సరంలో చివరి అంకె, 26 వారం. స్పీకర్ మీద 465 ఉంటే ఆక్స్‌ఫర్డ్, 220 ఉంటే జెన్సెన్, తర్వాత లెక్క అదే. మరి ఆ 4 అంటే 1964నా, 74నా? ముందు ప్యానెల్ చూడండి. నల్లగా ఉంటే 60ల మధ్యది. వెండి రంగు ప్యానెల్ వచ్చింది 1967 చివరి నుంచే.

ఇక్కడే అసలు విషయం. ఈ కోడ్ పార్ట్ పుట్టిన తేదీ మాత్రమే. ఆ పార్ట్ ఫ్యాక్టరీలో నెలల తరబడి పడి ఉండొచ్చు. కాబట్టి ఒరిజినల్ పార్ట్స్‌లో అన్నిటికంటే కొత్తది ఏదో చూడాలి. ఆంప్ దానికంటే ముందు తయారయ్యే ఛాన్సే లేదు. స్టాంప్ ఎన్‌హెచ్, ట్రాన్స్‌ఫార్మర్ 606426, స్పీకర్ 465712 అయితే? స్పీకర్ 1967 పన్నెండో వారానిది. అంటే తర్వాత ఎవరో మార్చారన్నమాట. స్పీకర్లు కాలిపోతాయి, మారుస్తారు. పెద్ద తప్పేం కాదు, రేటు తగ్గించమని అడగండి. ట్రాన్స్‌ఫార్మర్లు కూడా 67వే అయితే మాత్రం ఆ కాగితం వేరే ఆంప్‌లోంచి పీకి అతికించారేమోనని నాకు డౌట్ వస్తుంది. జిగురు మరకలు చూడండి.

నాబ్‌ల వెనక ఉండే పాట్‌ల మీద కూడా కోడ్ ఉంటుంది: 1376421 అంటే సీటీఎస్ కంపెనీ, 1964, 21వ వారం. ఇందులో సంవత్సరానికి రెండంకెలు, డౌటే లేదు. కానీ దాని కోసం ఛాసిస్ బయటికి తీయాలి. ప్లగ్ పీకేసినా కెపాసిటర్లలో 400 వోల్టులు నిలిచి ఉండొచ్చు, ప్రాణం పోతుంది. ఆ పని ట్యూబ్ ఆంప్‌లు రిపేర్ చేసేవాళ్లకే వదిలేయండి. ఇంకోటి, ఇవి అమెరికా 117 వోల్టుల మెషిన్లు. మన 230 వోల్టుల సాకెట్‌లో నేరుగా పెడితే తగలబడతాయి, స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి.