ఫొటోలో పెద్దగా కనబడే చిన్న బొమ్మ



సోషల్ సారు దిల్‌సుఖ్‌నగర్‌లో జిరాక్స్ పెద్దగా తీయించి, మన క్లాసు గోడకు అతికించిన పాత నల్ల-తెల్ల ఫొటో మీరందరు చూసే ఉంటరు. నడుం మీద చెయ్యి పెట్టుకొని ఒక అమ్మాయి నిలబడి ఉంటది. ఆమె మందం పెదవులు, చేతినిండా గాజులు చూసి "మీ గోండు పిల్ల లెక్కనే ఉంది" అని ఒకరు నవ్విండ్రు. ఆ రాత్రి నాకు అన్నం తినబుద్ధి కాలేదు. అందుకే ఇది రాస్తున్న.

ఈ కంచు బొమ్మ 1926లో మొహెంజొదారో తవ్వకాల్లో దొరికింది. ఆ ఊరు ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉంది. బొమ్మ మాత్రం ఢిల్లీలో నేషనల్ మ్యూజియంలో ఉంది. వయసు దాదాపు 4,500 ఏండ్లు. పుస్తకాలల్ల నాట్యగత్తె అని రాస్తరు. ఆమె నాట్యం చేసేదని రుజువు ఏమీ లేదు. తవ్వించిన దొరలకు అట్ల అనిపించింది, పేరు ఉండిపోయింది.

జిరాక్సులో మోచెయ్యంత కనిపిస్తది గాని, అసలు ఎత్తు 10.5 సెంటీమీటర్లే! మన జామెట్రీ బాక్సు స్కేలు 15. నేను అరచెయ్యి కింద నుంచి కొలిచి చూస్తే వేళ్ల కొనల దాకా కూడా రాలేదు. ఫొటో తీసినప్పుడు పక్కన ఒక అగ్గిపెట్టె పెడితే అందరికీ తెలిసేది.

ఇంత చిన్నదానికి గాజులు ఎట్ల చేసిండ్రు? మైనంతోని. మా ఆసిఫాబాద్ జిల్లాలో, జైనూరు దిక్కు ఉషేగాంలో వోజరి వాళ్లు ఇప్పటికీ ఈ పని చేస్తరు. మా దేవుళ్ల బొమ్మలు, గంటలు, గజ్జెలు వాళ్లే పోసి ఇస్తరు. ముందు మట్టితో లోపలి ముద్ద చేస్తరు. దాని మీద సన్నటి మైనం తీగలు చుట్టి ముక్కు, కండ్లు, నగలు పెడతరు. పైన మళ్లీ మట్టి పూసి, చిన్న దారి వదిలి, ఆరినంక కాలుస్తరు. మైనం కరిగి పోతది. ఆ ఖాళీలో కరిగిన ఇత్తడి పోస్తరు. చల్లారినంక మట్టి పగలగొట్టాలె. అచ్చు పగిలిపోతది కాబట్టి ఒకదాని లెక్క ఇంకోటి రాదు. దీన్ని డోక్రా అంటరు. ఆదిలాబాద్ డోక్రాకు 2018లో జి.ఐ. గుర్తింపు కూడా వచ్చింది. మొహెంజొదారో బొమ్మను పోసింది కూడా ఇట్ల మైనం కరిగించే పద్ధతిలోనే.

అంటే ఆ అమ్మాయి మా పిల్ల లెక్క ఉందో లేదో నాకు తెల్వదు, కాని ఆమెను చేసిన పని మా దిక్కు పనే.

నవ్విన అమ్మాయే మొన్న వచ్చి గాజులు ఎన్ని అని అడిగింది. ఇద్దరం జిరాక్సు ముందు నిలబడి లెక్కపెట్టినం. కుడి చేతికి 4. ఎడమ చేతికి భుజం దాకా ఉన్నయి, 19 కాడ ఇంకు నల్లగా కలిసిపోయింది.

— 9వ తరగతి విద్యార్థిని, ఎల్.బి.నగర్