పిల్లికి దురదలు: గృహచికిత్సలో మేలు, కీడు

మనుష్యులకు దురద పుట్టినచో నోటితో చెప్పుకొందురు. మూగజీవమైన పిల్లి మాత్రం గోళ్ళతో గీరుకొనును, అదేపనిగా నాకుకొనును, ఒక్కొక్కప్పుడు వెండ్రుకలను పండ్లతో పీకివేసుకొనును. ఆ బాధ చూడలేక ఇంటివారు కొబ్బరినూనెలో కర్పూరం కలిపి గాని, వేపనూనె గాని, పిల్లల గజ్జికి తెచ్చిన మందు గాని పూయుచుందురు. వారి ఉద్దేశం మంచిదే. కాని మనకు మేలు చేయు ఈ మందులే పిల్లికి ప్రాణాపాయం కలిగించవచ్చును. కావున పిల్లి విషయంలో ఏది చేయవచ్చునో, ఏది చేయరాదో ప్రతి గృహిణి తెలిసికొని ఉండుట అవసరం.

పిల్లి దేహతత్త్వం

మన పూర్వులు అన్ని ప్రాణులకు ఒకే వైద్యం చెప్పలేదు. ఏనుగులకు పాలకాప్యుని పేర హస్త్యాయుర్వేదం, గుర్రాలకు శాలిహోత్రుని పేర అశ్వశాస్త్రం వేరువేరుగా ఏర్పడినవి. జీవిని బట్టి ఔషధం మారునన్నది ఇందలి సూక్ష్మం. పిల్లికి ఇది మరింతగా వర్తించును.

దీనికి రెండు కారణాలు కలవు. మొదటిది, పిల్లి మేలుకొని ఉన్న సమయంలో చాలా భాగం తన ఒంటిని నాకి శుభ్రపరచుకొనును. కావున దాని చర్మంపై పూసిన ప్రతి మందు కొద్దిసేపటిలోనే కడుపులోనికి చేరును. పైపూతగా వాడినను అది లోపలికి తాగించిన మందే అగును. రెండవది, మన కాలేయం అనేక ఔషధాలను గ్లూకురోనిక్ ఆమ్లంతో కలిపి బయటికి పంపివేయును. పిల్లి కాలేయానికి ఈ శక్తి మిక్కిలి తక్కువ. అందువలన మనకు హాని చేయని పదార్థం పిల్లి ఒంటిలో నిలిచిపోయి విషమగును.

కారణాన్ని గుర్తించుట

దురదను ఆయుర్వేదం కండువు అని పేర్కొన్నది. ఏ వ్యాధికైనను మొదటి చికిత్స నిదాన పరివర్జనం, అనగా కారణాన్ని తొలగించుట. పిల్లి ఎక్కడ గీరుకొనుచున్నదో చూచినచో కారణం కొంతవరకు తెలియును.

తోక మొదట, తొడల వెనుక గీరుకొనుచున్నచో ఆంగ్లంలో ఫ్లీ అనబడు గెంతుడు పురుగులు కారణం కావచ్చును. పిల్లిని తెల్లని తడిగుడ్డపై నిలిపి పేలదువ్వెనతో దువ్వవలెను. రాలిన నల్లని నలుసులు తడికి ఎర్రబారినచో అవి పురుగుల మలం. అందలి ఎరుపు పిల్లి రక్తమే.

చెవిలో కాఫీపొడి వంటి నల్లని గులిమి ఉండి, తల విదిలించుచున్నచో అది చెవిపురుగుల లక్షణం. చెవుల అంచులందు, ముఖంపై మందమైన పక్కులు కట్టినచో గజ్జి కావచ్చును. గుండ్రంగా వెండ్రుకలు ఊడి పొట్టు రాలుచున్నచో తామరను అనుమానింపవలెను. గజ్జి, తామర మనుష్యులకు కూడ అంటుకొనును. ఇంట చిన్నపిల్లలు ఉన్నప్పుడు ఇట్టి పిల్లిని వారి పక్కపై పడుకొననీయరాదు.

సంవత్సరం పొడవునా ముఖం, మెడ గీరుకొను పిల్లులలో కొన్నింటికి తినే ఆహారమే పడకపోవచ్చును.

ఇంట చేయదగిన ఉపచారాలు

1. దువ్వుట: గెంతుడు పురుగులు ఉన్నచో ప్రతిదినం పేలదువ్వెనతో మెడనుండి తోకవరకు దువ్వి, దువ్వెనను సబ్బునీటి గిన్నెలో ముంచుచుండవలెను. పురుగులు ఆ నీటిలో మునిగి చచ్చును. గర్భంతో ఉన్న పిల్లికి, చంటి పిల్లి కూనలకు కూడ ఇది నిరపాయమైన పద్ధతి.

2. ఇల్లు శుభ్రపరచుట: ఆడ పురుగు దినమునకు 40, 50 గుడ్ల వరకు పెట్టగలదు. ఆ గుడ్లు పిల్లి ఒంటినుండి జారి చాపలు, పరుపులు, నేల పగుళ్ళలో చేరును. పురుగు పిల్లలు అక్కడే పెరిగి, గూడు కట్టుకొని నెలల తరబడి దాగి ఉండగలవు. పిల్లి పడుకొను గుడ్డలను వారమునకు ఒకసారి వేడినీటిలో ఉతికి, మండుటెండలో ఆరవేయవలెను. మూలలు, మంచాల కింద ప్రతిదినం ఊడ్వవలెను. ఒంటికి ఎన్ని మందులు వాడినను ఇంటిని వదలివేసినచో దురద మరల తిరిగివచ్చును.

3. తడిగుడ్డ: కాచి చల్లార్చిన నీటిలో శుభ్రమైన నూలుగుడ్డను ముంచి పిండి, దురదగల చోట ఐదు నిమిషాలు అద్దవలెను. దినమునకు రెండు మూడుసార్లు చేసినచో మంట, దురద కొంత నెమ్మదించును.

4. ఓట్సు స్నానం: చక్కెర, సువాసనలు కలపని ఓట్సును మెత్తని పొడి చేసి, గుప్పెడు పొడిని గోరువెచ్చని నీటిలో కలుపవలెను. పొడిబారిన చర్మంపై ఆ నీటిని పది నిమిషాలు మెల్లగా పోసి, మంచినీటితో కడిగి, తువ్వాలుతో పూర్తిగా తుడువవలెను. పుండ్లు ఉన్నచో ఇది తగదు. నీటికి బెదరు పిల్లిని బలవంతపెట్టరాదు. దానికి తడిగుడ్డ చాలును.

5. పథ్యం: శాకాహార గృహాలలో పిల్లికి పాలన్నం, పెరుగన్నం మాత్రమే పెట్టుట వాడుక. పిల్లి స్వభావంచేత మాంసాహారి. దానికి అవసరమైన టారిన్, కొన్ని కొవ్వు ఆమ్లాలు అన్నంలో లభింపవు. ఈ లోపంవలన చర్మం ఎండి, వెండ్రుకల నిగనిగ తగ్గును. ఉడికించిన గ్రుడ్డు, ముళ్ళు తీసిన ఉడికించిన చేప, లేదా పిల్లులకై తయారుచేసిన సంపూర్ణాహారం ఇచ్చుట మేలు. ఉల్లి, వెల్లుల్లి తగిలిన వంటకం ఎంతమాత్రం పెట్టరాదు. అవి పిల్లి రక్తకణాలను నాశనం చేయును.

వాడరానివి

కర్పూరం, నీలగిరి తైలం, వేపనూనె, కిరోసిన్ పిల్లి ఒంటికి తగులరాదు. కలబంద గుజ్జు మనకు చలువ చేసినను, ఆకుపట్ట కింద ఊరు పసుపుపచ్చని జిగురు పిల్లి కడుపున పడినచో వాంతులు, విరేచనాలు కలుగును. మనుష్యుల గజ్జికి వాడు బెంజైల్ బెంజోయేట్ పిల్లికి విషం. కుక్కలకై అమ్ము పెర్మెత్రిన్ మందు పూసినచో పిల్లికి వణుకు, మూర్ఛలు వచ్చి ప్రాణం పోవచ్చును. ఫినాయిలుతో తుడిచిన నేల ఆరకముందే పిల్లి నడచినచో పాదాలు నాకి విషం కడుపులో చేర్చుకొనును. ఇక దురదతోపాటు ఒళ్ళు వెచ్చగా ఉన్నదని పారసిటమాల్ వేయుట మహాప్రమాదం. ఒక్క మాత్రయే ప్రాణాంతకం కాగలదు.

పొరపాటున ఇట్టివి పూసినచో, పిల్లి స్పృహతో ఉన్నంతవరకు గోరువెచ్చని నీటితో, పాత్రలు తోము మెత్తని ద్రవసబ్బుతో కడిగి, మందు సీసాతో సహా వెంటనే పశువైద్యుని వద్దకు తీసికొనిపోవలెను. బలవంతంగా వాంతి చేయించరాదు. చొల్లు కారుట, తూలుట, వణుకుట కనబడినచో కడుగుటకై ఆలస్యం చేయక బయలుదేరవలెను.

వైద్యుని ఎప్పుడు చూపవలెను?

పుండ్లనుండి చీము కారుచున్నను, చెవి వాసన వేయుచున్నను, తామర, గజ్జి లక్షణాలు కనబడినను ఇంటి వైద్యంతో కాలయాపన చేయరాదు. చెవిలో నూనె పోయుట కూడ తగదు. కూనల చిగుళ్ళు తెల్లబారినచో గెంతుడు పురుగులు రక్తం పీల్చివేసిన గుర్తు కావచ్చును. ఆలస్యం చేసినచో అవి దక్కవు. మలద్వారం వద్ద బియ్యపు గింజల వంటివి కనబడినచో, పురుగులను మింగుటవలన బద్దెపురుగులు చేరినవని అనుమానించి దానికి కూడ మందు అడుగవలెను. ఉపచారాలు చేసిన వారం దినాలకును దురద తగ్గనిచో కారణం వేరే ఉండవచ్చునని గ్రహించవలెను.

పశువైద్యుని సలహాపై, పిల్లి బరువునుబట్టి మెడ వెనుక వేయు చుక్కల మందులు నేడు లభించుచున్నవి. దువ్వెన, తడిగుడ్డ, శుభ్రమైన పక్క, తగిన ఆహారం వీటికి తోడైనచో పెక్కు పిల్లులకు హాయి చేకూరును. పిల్లికి ఏ పూతయైనను రాయబోవుటకు ముందు, దీనిని నాకి మింగినను హాని లేదా అని ఒక్కసారి ప్రశ్నించుకొనుడు. తెలియనిచో ఆ సీసా మూత తీయకుండుటయే దానికి చేయు మేలు.