యాపిల్ సైడర్‌కు గోధుమ రంగు ఎందుకు?

సెప్టెంబరు, అక్టోబరు అమెరికాలో యాపిల్ కోతల కాలం. అప్పుడు చాలామంది ఇంట్లోనే తాజా పండ్లను పిండి సైడర్ అనే రసం తీస్తారు. యాపిల్ గుజ్జు తెల్లగా ఉంటుంది కదా, మరి రసానికి గోధుమ రంగెలా వస్తుంది?

ఎలా చేస్తారు?
పండ్లను కడిగి, కుళ్లినవి ఏరేసి, ముక్కలు కోసి నూరుతారు. ఆ ముద్దను పలుచని గుడ్డలో మూటకట్టి గట్టిగా పిండుతారు. 10 కిలోల పండ్లకు సుమారు 5 లీటర్ల రసం దిగుతుంది. తీపి, పుల్లని రకాలు కలిపితే రుచి బాగా కుదురుతుంది.

రంగు ఎందుకు మారుతుంది?
యాపిల్ కణంలో పాలీఫినాల్స్ అనే పదార్థాలు ఒకచోట, వాటిని మార్చే ఎంజైము మరోచోట ఉంటాయి. నూరగానే కణాలు చితికి రెండూ కలుస్తాయి. గాలిలోని ఆక్సిజన్ తోడై గోధుమ రంగు పదార్థాలు పుడతాయి. కోసిన వంకాయ నల్లబడేదీ ఇందుకే.

ఎందుకు వేడిచేయాలి?
పచ్చి రసంలో ఇ.కొలి వంటి ప్రమాదకర బ్యాక్టీరియా ఉండొచ్చు. అందుకే పెద్దల సాయంతో 71 డిగ్రీల సెల్సియస్ వరకు వేడిచేసి, చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టాలి. పచ్చి రసాన్ని బయట వదిలేస్తే తొక్కపై ఉండే ఈస్టులు అందులోని చక్కెరను ఆల్కహాలుగా మార్చేస్తాయి.

చేసి చూడండి
ఒక యాపిల్ ముక్కకు నిమ్మరసం రాయండి, మరోదాన్ని అలాగే ఉంచండి. పులుపుకు ఎంజైము జోరు తగ్గుతుంది కాబట్టి మొదటి ముక్క ఎక్కువసేపు తెల్లగా ఉంటుంది.