కారు అద్దం దగ్గర పిల్లలు జాగ్రత్త!

పెనుకొండ: పెళ్లిళ్ల కాలం వచ్చిందంటే ఏ పల్లెకు వెళ్లినా చెట్ల కింద నాలుగైదు కార్లు నిలబడి ఉంటున్నాయి. పెద్దలు పందిట్లో ఉంటే పిల్లలు కార్లలో ఉంటారు. మీట లాగితే అద్దం ఎక్కుతుంది, నొక్కితే దిగుతుంది. ఇంతకంటే ఆట ఏం కావాలి? ఇటీవల ఈ విలేఖరి వెళ్లిన ఒక పెళ్లిలో అయిదేళ్ల పిల్లవాడు వెనుక సీటులో నిలబడి చేయి బయట పెట్టగా, వాడి అక్క మీట లాగింది. తాళంచెవి బండికే ఉంది. మోచేతి పైన అద్దం బిగిసింది. కేకలు విని డ్రైవరు పరుగున వచ్చి దించాడు గనుక చేయి కమలడంతో పోయింది. "అడ్డం వస్తే అద్దం దానంతటదే దిగుతుందని అమ్మినోళ్లు చెప్పిరే" అని కారు యజమాని వాపోయాడు.

ఆ మాట సగమే నిజమంటున్నాడు ఇక్కడ షెడ్డు నడిపే ఒక మెకానిక్కు. "నమ్మకపోతే ఒక బీరకాయ తెచ్చియ్యి సామీ, చూపిస్తా" అన్నాడు. డ్రైవరు పక్క అద్దంలో బీరకాయ పెట్టి మీట లాగాడు. అద్దం కాయను తాకి, ఆగి, కిందికి జారింది. అదే కాయను వెనుక అద్దంలో పెడితే నడుం విరిగింది. ధర తక్కువ కార్లలో చాలావాటికి ఈ రక్షణ డ్రైవరు అద్దానికే ఉంటుంది. పిల్లలు కూర్చునేదేమో వెనుక!

ఇందులో మంత్రమేమీ లేదు. అద్దం ఎక్కించే మోటారు ఇరుసుకు చిన్న అయస్కాంతం, దాని పక్కన తిరుగుళ్లు లెక్కపెట్టే సెన్సారు ఉంటాయి. దారిలో ఏదైనా అడ్డుపడితే మోటారు వేగం తగ్గుతుంది. అద్దం ఇంకా పైదాకా చేరలేదని లెక్క చెబుతుంది. వెంటనే మోటారు వెనక్కి తిరుగుతుంది. ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల ప్రకారం ఇలాంటి అద్దం 100 న్యూటన్ల ఒత్తిడి, అంటే సుమారు 10 కిలోల బరువు పడేలోపే వెనుదిరగాలి. అయితే సందు 4 మిల్లీమీటర్లకు తగ్గాక ఈ నియమం వర్తించదు. లేత వేళ్లకు అదే గండం.

మరో సంగతి చాలామందికి తెలియదు. బ్యాటరీ విప్పి మళ్లీ బిగిస్తే కొన్ని కార్లలో ఆ లెక్క చెరిగిపోతుంది. అద్దాన్ని పూర్తిగా పైకెక్కించి, మీటను కొన్ని క్షణాలు అలాగే పట్టి ఉంచితే గాని రక్షణ మళ్లీ పనిచేయదు. ఏ కారుకు ఎలాగో దానితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. ఆ పుస్తకం డాష్‌బోర్డు అరలో కవరు విప్పకుండానే ఉంటుందనుకోండి!

దానంతటదే జరిగే తలుపుల సంగతి కొంచెం వేరు. 2020లో మన ఎర్రమంచి కర్మాగారం నుంచి వచ్చిన కియా కార్నివాల్‌కు ఇలాంటి పక్క తలుపులున్నాయి. ఈ రకం తలుపులకు చాలావాటిలో అంచున రబ్బరు పట్టీ, అందులో రెండు తీగలు ఉంటాయి. పట్టీ నొక్కుకుంటే తీగలు కలుస్తాయి, తలుపు వెనక్కి పోతుంది. పట్టీ చిరిగినా, ఊడినా వెంటనే చూపించుకోవాలి.

పిల్లల మోకాలు ఆని అద్దాలు మూసుకుపోతున్నాయని అమెరికాలో 2005లో చట్టమే చేశారు. మీటను పైకి లాగితేనే అద్దం ఎక్కాలన్నది దాని సారాంశం. మన దగ్గర పాత కార్లలో నొక్కుడు మీటలు ఇంకా ఉన్నాయి.

డ్రైవరు తలుపు మీద వెనుక అద్దాల మీటలు పనిచేయకుండా ఆపే బొత్తాం ఒకటి ఉంటుంది. పిల్లలు ఎక్కగానే దాన్ని నొక్కి, దిగేటప్పుడు తాళంచెవి వెంట తీసుకుపోవాలని మెకానిక్కు చెబుతున్నాడు. ఎండలో మూసిన కారులో పిల్లల్ని వదలడం ఇంకా పెద్ద ప్రమాదం. పెళ్లికి వచ్చిన ఆ యజమాని మర్నాడే షెడ్డుకు వచ్చాడు. వెనుక అద్దాలకు కూడా సెన్సారు పెట్టించవచ్చునా అని అడిగితే, ముందు ఆ బొత్తాం ఎక్కడుందో చూపించి పంపాడట.