బంతి విసరువానికి రక్షణ

సాఫ్ట్‌బాలనగా మెత్తని బంతి యని భ్రమపడరాదు. 1887లో షికాగోలో బాక్సింగు చేతితొడుగును చుట్టకట్టి ఆడినది మెత్తనిదేమో గాని, నేడు పాఠశాల క్రీడలలో ఆదిలాబాదు పిల్లలు పట్టునది గట్టి బంతియే.

అమెరికాలో 50 యేండ్లు దాటినవారు బంతిని నెమ్మదిగా విసరి యీ యాట నాడుదురు. విసరుట నెమ్మదియే; తిరిగి వచ్చుట కాదు. పిచ్చరు 50 అడుగుల దూరమున నిలుచును. గంటకు 90 మైళ్ల వేగమున కొట్టిన బంతి యా దూరమును దాటుటకు అర సెకనైనను పట్టదు. కన్ను చూచి చేయి కదలుటకే పడుచువానికి సుమారు పావు సెకను కావలెను. వయస్సుతో అది పెరుగును. పైగా విసరిన యూపున పిచ్చరు ముందునకే తూలును!

అందుచే పెద్దవారి పోటీలలో 6 అడుగులు వెనుకనుండి విసరుటకు అనుమతి కలదు. ముఖకవచము ధరించుట పిరికితనమని కొందరు నవ్వుదురు. 1998లో ఢాకాలో మన క్రికెటరు రమణ్ లాంబా, ఓవరులో కొన్ని బంతులే మిగిలినవని హెల్మెట్టు వలదని బ్యాటుకు సమీపమున నిలిచి, తలకు బంతి తగిలి మరణించెను.

మన బడులలో సాధనవేళ ఇనుప చట్రమునకు గట్టి వల బిగించి, విసరు చేతికి అడ్డురాకుండ పిచ్చరు ముందు ఒక ప్రక్కగా నిలుపవచ్చును. విసరినవెంటనే దాని చాటునకు జరుగుట మొదటి దినముననే నేర్పవలెను.