గోమార్ల లెక్క ఎవరి వాడ నుంచి మొదలవ్వాలి?

2002 నుంచి 2004 మధ్య అమెరికాలోని తూర్పు అరిజోనాలో 16 మందికి రాకీ మౌంటెన్ స్పాటెడ్ ఫీవర్ సోకినట్టు తేలింది. గోమారి కాటుతో ఒంట్లోకి చేరే రికెట్సియా అనే బ్యాక్టీరియా వల్ల వచ్చే జ్వరం ఇది. సకాలంలో మందు పడకపోతే ప్రాణం తీస్తుంది. పొదల్లో, గడ్డిలో ఉండే గోమార్లే దీన్ని మోస్తాయని అప్పటిదాకా అమెరికా వైద్యులు అనుకునేవారు. అరిజోనాలో మాత్రం ఇళ్ల చుట్టూ తిరిగే కుక్కల మీది గోధుమరంగు గోమారే దాన్ని మోసుకొచ్చింది.

ఈ జ్వరం పాతుకుపోయింది ఆదిమ తెగల రిజర్వేషన్లలో. అక్కడ రిజర్వేషన్ అంటే ఉద్యోగాల కోటా కాదు. భూములన్నీ లాక్కున్నాక ఆ తెగలకు మిగిల్చిన నేల. పశువైద్యుడు దొరకడు, కుక్కలకు మందు కొనే స్తోమత ఉండదు, ఆసుపత్రి దూరం. రోగం ముందు ఇలాంటి చోటే ఎందుకు పాతుకుందో దళిత వాడల్లో పుట్టి పెరిగిన వాళ్లకు విడమరిచి చెప్పనక్కర్లేదు.

గోమార్లను ఎలా గమనిస్తారు?

కొన్ని చోట్ల పిడుదులనే ఈ పురుగులు పుట్టినప్పటి నుంచి చచ్చేదాకా రక్తం తాగే బతుకుతాయి. కుక్క గోమారి గోడల పగుళ్లలో, గడప సందుల్లో వేల గుడ్లు పెడుతుంది. బ్యాక్టీరియా ఉన్న తల్లి నుంచి అది గుడ్లలోకి కూడా చేరుతుంది. కాబట్టి ఒక్క కుక్కను శుభ్రం చేసినంత మాత్రాన బెడద పోదు.

గమనింపు మూడు రకాలుగా సాగుతుంది. మొదటిది, కుక్కల చెవులు, మెడ, కాలివేళ్ల సందులు చూసి గోమార్లను లెక్కపెట్టడం. రెండోది, ఇంటి ఆవరణలో పొడి మంచు పెట్టి, చుట్టూ జిగురు పట్టీలు పరచడం. పొడి మంచు నుంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్‌ను ఏదో ప్రాణి ఊపిరి అనుకుని గోమార్లు నడిచొచ్చి అతుక్కుంటాయి. గడ్డి మైదానాల్లోనైతే తెల్లగుడ్డను నేల మీద ఈడ్చి పడతారు. మూడోది, పట్టిన వాటి జాతి గుర్తించి, పీసీఆర్ పరీక్షతో బ్యాక్టీరియా ఉందో లేదో చూడడం. దీనితోపాటు కుక్కల రక్తంలో యాంటీబాడీలు చూస్తారు. మనుషుల్లో కేసులు బయటపడకముందే కుక్కల రక్తం హెచ్చరిక ఇవ్వగలదు.

ఒక జాగ్రత్త. రోగం ఉన్న చోట కూడా బ్యాక్టీరియా మోసే గోమార్లు కొద్దిగానే ఉండొచ్చు. పట్టిన పాతికలో ఏమీ దొరకలేదని ఊరు క్షేమం అనుకోకూడదు.

లెక్క తర్వాత పని

అరిజోనాలో లెక్క నివేదికతో ఆగలేదు. 2012, 2013లో ఒక రిజర్వేషన్‌లో సుమారు 500 ఇళ్లలో తెగ ప్రభుత్వం, ఆరోగ్య సంస్థలు కలిసి పనిచేశాయి. ప్రతి కుక్కకూ గోమార్లను చంపే మందు పట్టీ మెడకు కట్టారు. ఆవరణల్లో మందు చల్లారు. ఇంటింటికీ వెళ్లి జ్వర లక్షణాలు చెప్పారు. తర్వాత చూస్తే అక్కడి కుక్కల్లో గోమార్లు కంటికి కనిపించినవి దాదాపు 1 శాతం. ఈ పని జరగని పక్క ప్రాంతంలో 64 శాతం.

మన దగ్గర

అదే గోధుమరంగు గోమారి మన వీధి కుక్కల మీదా ఉంది. అది మోసే రికెట్సియా కొనోరీ వల్ల వచ్చేదే ఇండియన్ టిక్ టైఫస్. మన దేశానికి గోమార్ల గమనింపు కొత్త కూడా కాదు. 1957లో కర్ణాటకలోని శివమొగ్గ ప్రాంతంలో క్యాసనూరు అటవీ జ్వరం బయటపడినప్పటి నుంచి అక్కడ గోమార్లను పట్టి పరీక్షిస్తున్నారు. అది వైరస్ రోగమైనా పద్ధతి ఒకటే. అడవి అంచున చేయగలిగినప్పుడు వాడలో ఎందుకు చేయలేరు?

మేకలు కాసేవాళ్లు, పశువుల కొట్టాలు ఊడ్చేవాళ్లు, కట్టెలకు వెళ్లే ఆడవాళ్లు, వీధి కుక్కలున్న చెత్తకుప్పల దగ్గర పనిచేసే పారిశుధ్య కార్మికులు గోమారికి దగ్గరగా బతుకుతారు. ఈ పనులు ఎక్కువగా ఎవరి వంతు అయ్యాయో చెప్పనక్కర్లేదు. జ్వరం, తలనొప్పి, ఒళ్లునొప్పులతో మొదలయ్యే ఈ రోగాన్ని డెంగీ అనో మలేరియా అనో పొరబడతారు. అరచేతుల్లో, అరికాళ్లలో కూడా వచ్చే ఎర్ర మచ్చలు నల్లటి ఒంటి మీద త్వరగా కనబడవు. చాలా చోట్ల చేసే వీల్-ఫెలిక్స్ పరీక్ష రోగాన్ని తరచూ పట్టుకోలేదు. అందుకే అనుమానం రాగానే, పరీక్ష ఫలితం కోసం ఆగకుండా వైద్యం మొదలుపెట్టాలని భారత వైద్య పరిశోధన మండలి 2015 మార్గదర్శకాలు చెబుతున్నాయి. దీనికి ప్రధాన మందు డాక్సీసైక్లిన్ ఖరీదైనదేమీ కాదు. ఖరీదైనది ఆలస్యమే.

ఏం అడగాలి?

ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్సీసైక్లిన్ నిల్వ ఉందా? అంతుచిక్కని జ్వరం వచ్చిన మనిషిని పశువులు, కుక్కలు, గోమారి కాటు గురించి అడుగుతున్నారా? పశుసంవర్ధక శాఖ, ఆరోగ్య శాఖ కలిసి వాడల్లో గోమార్లను పరీక్షిస్తున్నాయా? ఆ ఫలితాలు వాడవాళ్లకు చెబుతున్నారా? సమాచార హక్కు దరఖాస్తుతో అడగదగిన ప్రశ్నలివి.

వాడకు సంబంధించినంతవరకు 'నిఘా' అంటే పోలీసు మాట. గోమార్ల నిఘా అలా మారకూడదు. 'రోగాల వాడ' అని ముద్ర వేయడానికో, కుక్కల్ని పెంచుతున్నారని నిందించడానికో లెక్కలు తీస్తే జనం తలుపులు వేసుకుంటారు. లెక్క తీసినవాళ్లే మందూ పట్టుకుని రావాలి. వాడ యువతకే శిక్షణ ఇచ్చి, కూలి చెల్లించి ఆ పని అప్పగించాలి.

ఈలోగా ఒంటి మీద గోమారి కనిపిస్తే చిన్న పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా లాగండి. వేళ్లతో నలపొద్దు, కిరోసిన్ పోయొద్దు, కాల్చొద్దు. ఆ తర్వాత రెండు వారాల్లోపు జ్వరం వస్తే డాక్టరు అడగకపోయినా మీరే చెప్పండి: 'నన్ను గోమారి కుట్టింది.'