పిలుపుకు ముందే మొదలైన సిద్ధపాటు

క్రైస్తవ వేదాంత పరిభాషలో దేవుడు ఒక వ్యక్తిని తన పనికి ఎన్నుకోవడాన్ని ‘ఏర్పాటు’ అని, ఆ పనికి కావలసిన సామర్థ్యాన్ని పరిశుద్ధాత్మ ద్వారా ప్రసాదించడాన్ని ‘కృపావరం’ అని వ్యవహరిస్తారు. ఈ రెండింటినీ ప్రసంగవేదికకే పరిమితం చేసి ఆలోచించడం సంఘాలలో ఎంత అలవాటైనప్పటికీ, దేవుని ఆత్మతో నిండినవాడని నిర్గమకాండం పేరు పెట్టి చెప్పిన బెసలేలు ప్రవక్త కాడు, యాజకుడూ కాడు. బంగారం, వెండి, కర్రలతో ప్రత్యక్ష గుడారానికి పనిచేసిన చేతిపనివాడు. దేవుడు తాను పిలిచినవారికి అప్పటికే చేతనైన పనిని వృథా పోనివ్వడన్న విశ్వాసానికి తెలుగునాట పెద్ద ఉదాహరణ ఒంగోలు బాప్టిస్టు సంఘ చరిత్రలో కనిపిస్తుంది.

ఆ సంఘ వ్యవస్థాపకుడిగా పేరొందిన జాన్ ఎవరెట్ క్లౌ 1836లో అమెరికాలో పుట్టి, యౌవనంలో భూముల సర్వే పని నేర్చుకొని, 1865లో ఈ దేశానికి వచ్చాడు. గొలుసు పట్టి నేల కొలవడానికీ సువార్త ప్రకటించడానికీ ఏం సంబంధమన్న ప్రశ్నకు మరో పదేళ్ల దాకా సమాధానం దొరకలేదు.

అయితే ఈ చరిత్రను మిషనరీతో మొదలుపెట్టడం సగం సత్యమే అవుతుంది. ఒంగోలుకు సుమారు 40 మైళ్ల దూరంలోని తాళ్లకొండపాడుకు చెందిన మాదిగ కులస్థుడు యెర్రగుంట్ల పేరయ్య తోళ్ల వ్యాపారం మీద ఊరూరా తిరిగేవాడు. రాజయోగాన్ని, అంటే మనస్సును నిగ్రహించి పరమాత్మను అన్వేషించే సాధనను, గురువు వద్ద అభ్యసించినవాడు. ఆ వ్యాపార ప్రయాణాలలోనే ఏలూరు ప్రాంతంలో క్రైస్తవ బోధ ఆయన చెవిన పడింది; 1866లో భార్య నాగమ్మతో కలిసి బాప్తిస్మం పొందాడు. మరుసటి ఏడు జనవరిలో క్లౌ తాళ్లకొండపాడు వెళ్లేనాటికి చుట్టుపక్కల పల్లెలవారు అక్కడికి చేరి ఎదురుచూస్తుండగా, వారిలో 28 మంది బాప్తిస్మం తీసుకొన్నారు. తోళ్ల కోసం తిరిగిన బాటలే బోధకు బాటలయ్యాయి. ఏ పల్లెలో ఎవరి మాట చెల్లుతుందో పేరయ్యకు తెలిసినంతగా ఏ వేదాంత పాఠశాల పట్టభద్రుడికీ తెలిసి ఉండదు. అధికారికంగా చేతులుంచి నియమించే ‘అభిషేకం’ కంటే ముందే పేరయ్యకు శిక్షణ పూర్తయిందంటే అతిశయోక్తి కాదు.

ఎన్నిక విషయంలో మిషనరీ అంచనా వేరుగా ఉండింది. అగ్రవర్ణాలవారు ముందు వస్తే తక్కినవారు వెంట వస్తారన్నది నాటి మిషన్లలో చాలామంది నమ్మిన లెక్క. ఒంగోలులో బ్రాహ్మణ విద్యార్థుల కోసం బడి కూడా తెరిచారు. మాదిగలను చేర్చుకోగానే ఆ విద్యార్థులు బడి వదిలి వెళ్లిపోయారు. ఏం చేయాలో తోచని ఆ సమయంలో క్లౌ, ఆయన భార్య హారియెట్ ఒకరికి తెలియకుండా ఒకరు వేర్వేరు గదులలో బైబిలు తెరవగా, ఇద్దరికీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలోని ఒకే భాగం, లోకం నీచంగా ఎంచినవారిని దేవుడు ఏర్పరచుకోవడాన్ని గురించిన భాగం, కంటపడిందని క్లౌ చెప్పుకొన్నాడు. దీనిని దైవనడిపింపు అనడమో యాదృచ్ఛికమనడమో చదువరి విశ్వాసాన్ని బట్టి ఉంటుంది. బడిలో మాదిగలకు చోటు నిలిచింది, మిషన్ దారి మారిందన్నవి మాత్రం చరిత్ర.

ఆ దారిలో నడిచినవారికి మూల్యం తప్పలేదు. ఊరికి చెప్పులు కుట్టి, మోట బావులకు తోలు తిత్తులు సమకూర్చే మాదిగలు చచ్చిన గొడ్డు మాంసం తినబోమని, ఆదివారం పనికి రాబోమని అన్నప్పుడు గ్రామ పెద్దలు కక్ష కట్టారు. ఆత్మగౌరవ కాంక్షే ఈ మతాంతరాలకు మూలమని వాదించే చరిత్రకారుల మాటలో పస ఉంది. అయితే ఆ కాంక్షకు విశ్వాసం భాష ఇచ్చిందనడం దానికి విరుద్ధం కానక్కరలేదు.

1876–78 నాటి మహాక్షామంలో క్లౌ పాత విద్య అక్కరకొచ్చింది. కరువు పనిగా తవ్విస్తున్న బకింగ్‌హాం కాలువలో మూడు మైళ్లకు పైబడిన భాగాన్ని ఆయన గుత్తకు తీసుకోగా, కొలతలు వేయడం తెలిసిన ఆ దొర కింద పేరయ్య వంటి బోధకులే మేస్త్రీలై వేలమందికి కూలి ఇప్పించారు. పగలు మట్టి మోయించి, విరామంలో బోధించారు. తిండి కోసం మతం మారుతున్నారన్న మాట రాకూడదని, కరువు సహాయం సాగినంతకాలం క్లౌ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వనివ్వలేదు.

సహాయం ఆగిపోయాక కూడా జనం వచ్చారు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చినప్పుడు నీళ్లలో నిలబడినవారు ఇద్దరిద్దరు చొప్పున వంతులు మారిన ఆరుగురు తెలుగు బోధకులు.